ఏడు ‘ప’లు దాటి పులివెందుల

ఈ కథనంలో ఏడు పర్వతాలున్నాయి. ఒక అగాధం ఉంది. పధ్నాలుగేళ్ళ నాటి శాపం ఒకటుంది, ఆ శాపం పెట్టిన మేనమామ ఉన్నాడు, ఆయన్ని ఎదుర్కోవడానికి ఒంటరిగా బయలుదేరిన యువకుడున్నాడు. చివరికి ఆ యువకుడే గెలుస్తాడు.

ఇంతవరకు చదివి గుర్రం ఎక్కడుందా అని వెతుకుతున్నవాళ్ళకు క్షమాపణలు. గుర్రం లేదు, పల్లెవెలుగు బస్సు ఉంది. యువకుణ్ణి నేనే. నడుముకు ఖడ్గం బదులు భుజానికి సంచి, అందులో పెళ్ళి కార్డులు, కుంకుమ భరిణె, అమ్మ కట్టిచ్చిన పులిహోర. మొత్తం యాత్ర రెండున్నర రోజులు. మూడు ఊళ్ళు. నాలుగో ఊరు పొరపాటున తగిలింది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అసలు విషయం ఇది. మా అక్క పెళ్ళి కుదిరింది. మేముండేది విజయవాడలో. నాన్నది ప్రొద్దుటూరు, అమ్మది పులివెందుల. పెళ్ళి ప్రొద్దుటూరులోనే చేయాలనుకున్నారు. పిలుపులకు బయలుదేరాల్సిన నాన్న మెట్ల మీద జారి కాలికి కట్టుతో మంచమెక్కారు. ఆయనకు తోడుగా అమ్మ ఆగిపోయింది. పెళ్ళికూతురు తన పెళ్ళికి తానే వెళ్ళి పిలవడం బాగుండదు. ఇక ఇంట్లో నడవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా విజయవాడ వీధిలో పిలుపంటే కార్డు ఫొటో తీసి ఫోనులో పంపడమే. అవతలివాళ్ళు చేతులు జోడించిన బొమ్మ పంపుతారు. ఆ అలవాటు కొద్దీ నాన్న పులివెందులలోని మా మేనమామకు కూడా ఫొటోనే పంపారు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మూడో రోజు ఎవరి ద్వారానో కబురొచ్చింది: “పిలుపు నోటితో రావాల. ఫొటోకు నేను రాను.”

మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకొచ్చేది మేనమామ. అమ్మకున్నది ఒక్కడే అన్న. ఆయన రాకపోతే ఆ గంప లేవదు. అమ్మ రెండు రోజులు అన్నం కెలికి వదిలేసింది. అక్క మాత్రం “కాళ్ళున్నాయిగా, నడిచే వెళ్తాలే” అంది. కానీ ముఖం కడుక్కొచ్చి మరీ అంది.

ఇక రెండో సమస్య. నాకు నత్తి. అన్ని అక్షరాలకూ కాదు, ‘ప’ వస్తే పెదాలు మూసుకుపోతాయి, తలుపు లోపలి నుంచి ఎవరో గడియ పెట్టినట్టు. చిన్నప్పుడు అమ్మ వస అరగదీసి ఎంత పోసిందంటే, దాంతో ఇంకో నలుగురు పిల్లలు గడగడా మాట్లాడి ఉండేవారు. ఇవేవీ తెలియక ముందే నాన్న నాకు ప్రతాప్ అని పేరు పెట్టారు. కొత్తవాళ్ళు పేరడిగితే నేను రాజు అంటాను. విజయవాడలో కనీసం ముగ్గురు ఆటోవాళ్ళకు, ఒక మంగలికి నేను రాజునే.

‘ప’ను తప్పించుకోవడం కోసం మాటలొచ్చినప్పటి నుంచీ పక్క మాటలు వెతుక్కుంటున్నాను. పాలు అనలేక క్షీరం అన్న రోజులున్నాయి. స్కూల్లో తెలుగు మాస్టారు నన్ను భాషాభిమాని అనుకున్నారు. హోటల్లో పూరీ తిన్నానంటే పక్కవాడెవడో చెప్పాడని అర్థం. ఉద్యోగం కూడా అలాగే వెతుక్కున్నాను. కస్టమర్లతో టైపు చేసి మాట్లాడే పని. నోరు తెరవకుండా జీతం తీసుకుంటాను.

ఆ శాపం సంగతి. నాకు పదేళ్ళప్పుడు, పులివెందులలో మామ ఇంటి ముందు నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉండగా ఒకాయన నా పేరడిగాడు. నేను “ప... ప... ప...” దగ్గర ఆగిపోయాను. ఆ ఇంటి ముందు చేతి బోరింగు ఉండేది, పది సార్లు కొడితే గానీ నీళ్ళు పడేవి కావు. మామ గాలిలో చేత్తో దాని పిడి కొట్టినట్టు చేసి, “ఇంకో నాలుగు కొట్టండప్పా, వస్తాయి నీళ్ళు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ వేసవంతా నా పేరు బోరింగు. మరుసటి వేసవి నాకు జ్వరమొచ్చింది. ఆ తర్వాత వేసవి కూడా. పధ్నాలుగేళ్ళుగా పులివెందుల అనగానే నాకు జ్వరం వస్తోంది.

ఇప్పుడు నేను అదే మామ ఎదుట నిలబడి నోటితో చెప్పాల్సిన పిలుపు ఇది: అక్క పెళ్ళి, పందొమ్మిదో తారీఖు, పొద్దున పదిన్నరకు, ప్రొద్దుటూరులో, పిల్లాపాపలతో ఇంటిల్లిపాదీ రావాలి.

లెక్కపెట్టుకోండి. ఏడు పర్వతాలు అన్నది వీటినే.

ప్రొద్దుటూరు

బస్సు దిగి టీ తాగి చుట్టూ చూస్తే బంగారం అంగళ్ళే. మా దగ్గర మందుల షాపులు ఉన్నంత దగ్గర దగ్గరగా ఇక్కడ నగల షాపులుంటాయి. ఒక షాపు బయట మెట్టు మీద కూర్చున్న పెద్దాయన ఉల్లిపాయలు బేరమాడినంత తాపీగా గొలుసు తరుగు గురించి మాట్లాడుతున్నాడు. ఉల్లిపాయల దగ్గరైతే మా అమ్మ గొంతు ఇంకాస్త పెద్దగా ఉంటుంది.

టిఫినుకు ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను, నలభై రూపాయలు. ఉగ్గాని అంటే బొరుగులు, అంటే మన మరమరాలు, నానబెట్టి తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లేది. చాలా బాగుంటుంది. పైగా ‘ఉ’తో మొదలవుతుంది.

మొదటి పిలుపు జేజికి. నాన్న పెదనాయన భార్య. నగల వీధి వెనక సందులో ఒక్కతే ఉంటుంది, చెవులు తప్ప అన్నీ బాగా పనిచేస్తాయి. ఆమె కోసం నేనొక పథకం వేసుకుని వెళ్ళాను. కూర్చోగానే అమ్మకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. అమ్మ గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. నేను వినయంగా కార్డిచ్చి భరిణె మూత తీశాను.

జేజి కుంకుమ ముట్టలేదు.

“మీయమ్మ ఫోన్లో పిలిచింది. శానా సంతోషం. ఈడ నిలబడుకోనింది ఎవురు?”

“నేనే జేజీ.”

“మరి నువ్వేం పిలిచినావు?”

“అక్కది... వివాహం, జేజీ.”

“ఏందీ?”

“కల్యాణం.”

“నా కాడ పంచాంగం సదవతాండావా నువ్వు? మనుషులు పెండ్లికి పిలుస్తారు.”

నేను కార్డులో తారీఖు మీద వేలు పెట్టి చూపించాను. ఆమె వేలు వైపు చూడలేదు, నా నోటి వైపే చూసింది. కాసేపటికి లేచి వంటింట్లోకి పోతూ, “మల్లా వచ్చి చెప్పు. అంతదాకా ఈ కుంకుమ నువ్వే పెట్టుకో” అంది.

అవమానంతో బయటికి నడవబోయాను గానీ, ఆమె అప్పటికే ఆకు వేసేసింది. నెయ్యి వేసిన ఓళిగలు నాలుగు. విజయవాడలో బొబ్బట్లంటారు, ఇంత పలచగా చేయరు. పిలుపు చెల్లలేదు గానీ భోజనం చెల్లింది. ఈ జిల్లాలో రెంటికీ వేరువేరు లెక్కలు.

జమ్మలమడుగు

ఈ ఊరికి పేరు పెట్టినవాళ్ళకు నా నమస్కారాలు. కండక్టరుకు “జమ్మలమడుగు” అని ఎంత గర్వంగా చెప్పానంటే, ఆయన రెండు టిక్కెట్లా అని అడిగాడు.

ఇక్కడ నాన్న చిన్నాన్న కొడుకు ఇంటికి పోతే తాళం. మన దగ్గరైతే కార్డు తలుపు సందులోంచి తోసి, ఫోన్లో ఒక మాట చెప్పి వచ్చేస్తాం. నేను అదే చేయబోతుంటే పక్కింటామె అరుగు మీద నుంచి, “వాళ్ళు చేన్లో ఉండారు, సాయంత్రం వస్తారు. తాళానికి చెప్తావా ఏంది పిలుపు?” అంది.

సాయంత్రం దాకా పొద్దుపోవాలి కాబట్టి షేరు ఆటోలో గండికోట వెళ్ళాను. అగాధం అన్నానే, అది ఇదే. ఎర్రరాళ్ళను కత్తితో కోసినట్టు రెండు గోడలు, వాటి మధ్య ఎక్కడో కింద పెన్న. అంచు దగ్గర నిలబడితే అరికాళ్ళలో జలదరింపు. చుట్టూ జనం తమ ముఖాలను ఫొటోలు తీసుకుంటున్నారు, లోయ వెనక ఎక్కడో చిన్నగా పడుతోంది.

భయాన్ని ఎత్తైన చోట నిలబడి అరిచి వదిలేయాలని ఒక వీడియోలో చూశాను. మనసును జయించడం గురించి నేను చాలా వీడియోలు చూశాను. అందులో మాట్లాడే వాళ్ళెవరికీ నత్తి లేదు. అయినా ఎవరూ లేని మూలకు పోయి, ఛాతీ నిండా గాలి పీల్చి, లోయలోకి “ప... ప... ప... పెళ్ళి” అని అరిచాను.

వెనక నుంచి ఒక గొంతు అడిగింది. “ఎవురిది నాయనా పెండ్లి?”

రాతి నీడలో ఒకామె కూర్చుని చెనిక్కాయలు, అంటే మన వేరుశనక్కాయలు, ఒలుచుకుంటోంది. చుట్టూ పదిహేను మేకలు. నా జీవితంలోని గొప్ప ఘట్టాన్ని ఆమె మొదటినుంచీ చూసినట్టుంది.

“మా అక్కది.”

“ఎప్పుడు?”

తారీఖు చెప్పాలంటే ‘ప’. పక్క మాట లేదు, పందొమ్మిదికి పర్యాయపదం ఎవరూ కనిపెట్టలేదు. పారిపోదామంటే ఒక వైపు లోయ, ఒక వైపు మేకలు. సరే, ఈమె మళ్ళీ నాకెక్కడ కనిపిస్తుంది, సాధన చేసినట్టూ ఉంటుందని మొదలుపెట్టాను. పెళ్ళి దాటాను. పందొమ్మిది దాటాను. “పొద్దున” దగ్గర చాలాసేపు పట్టింది. “పదిన్నర” మధ్యలో ఉండగా ఒక మేక అంచు వైపు నడిచింది. ఆమె లేచి, దాన్ని అదిలించి, వెంటబడి, మెడ పట్టి ఈడ్చుకొచ్చి, మళ్ళీ కూర్చుని చెనిక్కాయ ఒలిచి నోట్లో వేసుకుంది.

“ఆ. పదిన్నర కాడ ఆపినావు.”

నేను మిగతాది చెప్పాను. ప్రొద్దుటూరు, పిల్లా, పాప. ఇన్నేళ్ళలో ఆ ఏడింటినీ వరసగా ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆమె తల ఊపి, “నోటితో పిలిచినావు, రాకపోతే ఏం బాగుంటాది. ఆరుమందిమి వస్తాం” అంది.

“అమ్మా, అది... నేను ఊరికే ట్రయలు చేస్తూ...”

“పెండ్లి గూడా ట్రయలేనా?”

కార్డు తీసి ఇచ్చాను, కుంకుమ కూడా పెట్టుకుంది. విజయవాడలో వందమందిని పిలిస్తే అరవైమంది వస్తారు. ఇక్కడ గాలికి చెప్పినా ఆరుగురు వచ్చేలా ఉన్నారు.

సాయంత్రం జమ్మలమడుగు చిన్నాన్న ఇంట్లో మాత్రం పాత కథే. చుట్టూ ఎనిమిదిమంది చేరేసరికి నా నోరు మళ్ళీ కల్యాణంలోకి జారుకుంది. చిన్నాన్న మంచివాడు, నేను ఇబ్బంది పడుతుంటే మిగతా మాటలు ఆయనే పూర్తి చేశాడు. నత్తి ఉన్నవాళ్ళకు లోకం చేసే పెద్ద ఉపకారం అదే. అలా పూర్తి చేసినప్పుడల్లా మన నోరు ఇంకాస్త చిన్నదవుతుంది. ఆ ఇంట్లో రాగి సంగటి, ఊరుబిండి తిని పడుకున్నాను. ఊరుబిండి అంటే చెనిగింజల పచ్చడి. దానికి ఎవరూ నా బదులు నోరు అందివ్వలేదు, అంతా నేనే తిన్నాను.

ముద్దనూరు

మూడో రోజు పులివెందుల బస్సెక్కాను. బస్సులో ముప్పావు వంతు ఆడవాళ్ళు. వాళ్ళకు ఇప్పుడు ప్రయాణం ఉచితం కాబట్టి కండక్టరు వాళ్ళ ఆధార్ కార్డులు చూస్తూ చకచకా నా వైపు వచ్చేస్తున్నాడు.

నా మనసు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెద్ద నాయకుల కార్ల ముందు సైరను వేసుకుంటూ ఒక జీపు పోతుంది చూశారా, నా మనసు ఆ జీపు. నేను మాట దగ్గరికి చేరే లోపలే అది ముందు పోయి అందర్నీ లేపేస్తుంది. ఇదిగో వస్తున్నాడు, ఆగిపోతాడు, అందరూ చూస్తారు, నవ్వుతారు, పక్కకు తప్పుకోండి. నేను చేరేసరికి దారిలో ప్రమాదం జరగకుండానే జనం గుమిగూడి ఉంటారు.

కండక్టరు నా ముందుకొచ్చాడు. “యాడికప్పా?”

సైరను మోగింది.

“ముద్దనూరు,” అన్నాను.

చాలా స్పష్టంగా అన్నాను. దారి మధ్యలో వచ్చే ఊరు అది. ఆ ఊళ్ళో నాకు ఎవరూ తెలియదు, ఏ పనీ లేదు. దాని పేరు పలకగలనన్నది తప్ప మా ఇద్దరి మధ్య ఏ సంబంధమూ లేదు. అయినా టిక్కెట్టు కొట్టించుకున్నాక దిగకపోతే బాగుండదని అక్కడ దిగాను. బస్సు నన్ను దించేసి, నేను పోవాల్సిన ఊరికి పోయింది.

టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చున్నాను. టీ పది రూపాయలు, చక్కెర పదిహేను రూపాయలకు సరిపడా. బంకతను అడిగాడు, “ఎవురింటికబ్బా?”

“ఎవరింటికీ కాదు.”

“ఊరికే వచ్చినావా ముద్దనూరికి?” అని ఆయన ఆశ్చర్యపోయి, సంతోషించి, ఒక బిస్కెట్టు ఊరికే ఇచ్చాడు. చరిత్రలో ఆ ఊరికి వచ్చిన మొదటి పర్యాటకుణ్ణి నేనేనేమో.

బిస్కెట్టు ముంచుకుంటూ లెక్క చూసుకున్నాను. పూరీ మానేశాను. నా పేరు మానేశాను. నోటితో చేసే ఉద్యోగాలు మానేశాను. ఇప్పుడు పోవాల్సిన ఊరు కూడా మానేసి, పలకడానికి వీలైన ఊళ్ళో కూర్చున్నాను. ఇలాగే పోతే పెళ్ళి కూడా పేరు పలకగలిగిన అమ్మాయినే చేసుకోవాలి. నన్ను ఇక్కడ దించింది నత్తి కాదు. నత్తి ఇంకా నోటి దాకా రానే లేదు, నేను దానికి అవకాశమే ఇవ్వలేదు. దించింది ఆ సైరను జీపు.

విజయవాడలో నేను కొన్నాళ్ళు వెళ్ళిన స్పీచ్ థెరపీ మేడం ఒక మాట పదే పదే చెప్పేది: ఆగినప్పుడు తొయ్యొద్దు, దాచొద్దు, ఆగానని ఒప్పుకుని ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడు, మాట దానికదే వస్తుంది. నేను తల ఊపి ఫీజు కట్టి వచ్చేవాణ్ణి. ఆ మాట అర్థం కావడానికి ముద్దనూరు టీ బంకు కావలసి వచ్చింది. ఆలోచించి చూస్తే ముందురోజు మేకలామె దగ్గర జరిగింది కూడా అదే. ఆమె నవ్వలేదు, జాలిపడలేదు, మేక కోసం లేచి పోయి తిరిగొచ్చింది. నా నత్తి ఆమె దినచర్యలో రెండో విషయం. మొదటిది మేక.

గంటకు ఇంకో బస్సొచ్చింది. ఎక్కాను. కండక్టరు వచ్చి చెయ్యి చాపాడు. సైరను మోగింది, మోగనిచ్చాను. ఆయన కళ్ళలోకి చూశాను.

“పు... పు...”

కిటికీ అవతల ఒక కరెంటు స్తంభం దాటింది. ఇంకొకటి.

“పు...”

“నిదానం,” అన్నాడు కండక్టరు. “నీ టికెట్టు కొట్టకుండా నేను యాడికి పోతా?”

మూడోది దాటింది. నాలుగోది.

“పులివెందుల.”

“చిల్లరుందా?”

అంతే. ఆయనకు కావలసింది చిల్లర. బస్సులో ఎవరూ తల తిప్పలేదు. నా పధ్నాలుగేళ్ళ భయం పొడవు సరిగ్గా నాలుగు కరెంటు స్తంభాలు. సీట్లో వెనక్కి వాలి నవ్వుకుంటుంటే పక్కనున్న పెద్దాయన అనుమానంగా కాస్త అవతలికి జరిగాడు.

పులివెందుల

ఊరు దగ్గరపడేసరికి రోడ్డుకు రెండు వైపులా చీనీ తోటలు, అరటి తోటలు. చీనీ అంటే మన బత్తాయే. మామ చీనీకాయల మండీలో వేలంపాట నడుపుతాడు. ఇంటికి పోతే అత్త, “మండీలో ఉండాడు, మధ్యాన్నానికి వస్తాడు, కూర్చో నాయనా” అంది. కూర్చోలేదు. కూర్చుంటే మధ్యాహ్నానికి నాకు జ్వరమొస్తుందని తెలుసు.

మండీలో నేల మీద కాయలు రాశులు రాశులుగా పోసి ఉన్నాయి. రైతులు తమ రాశి పక్కనే నిలబడి, కొనేవాళ్ళ ముఖాలు చదువుతున్నారు. మధ్యలో మామ. జుట్టు సగం నెరిసింది గానీ గొంతు అలాగే ఉంది.

“పదహారు, పదహారున్నర, పదిహేడప్పా, పదిహేడు పోతాంది, పదిహేడున్నర...”

నేను నిలబడి విన్నాను. ఆ నోట్లోంచి ‘ప’లు బొరుగుల్లా రాలుతున్నాయి. దేవుడు మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన వాటా మొత్తం ఆయనకే వెళ్ళినట్టుంది.

నన్ను చూసి ఆగాడు. “ఏమబ్బీ, ఎప్పుడొచ్చినావు? ఇంటికాడ ఉండు, పాట అయినాక వస్తా.”

మనసు వెంటనే ఒప్పుకుంది. ఇల్లు మంచిది, ఇంట్లో అత్త ఒక్కతే ఉంటుంది, ఇక్కడ నలభైమంది ఉన్నారు. సైరను జీపు అప్పటికే ఇంటి వైపు తిరిగి, ఎక్కమని తలుపు తీసి పట్టుకుంది.

“ఇక్కడే చెప్తా మామా,” అన్నాను. “నాకు నత్తి. ఆలస్యమవుతుంది. మధ్యలో అందుకోవద్దు.”

ఫీజు తీసుకోని మనిషితో ఆ మాట అనడం నా జీవితంలో అదే మొదటిసారి. మండీలో మాటలు కొంచెం తగ్గాయి.

“అక్క ప... ప...”

“పెండ్లి, తెలుసులే...”

నేను చెయ్యి ఎత్తాను. చిన్నప్పుడు ఆయన గాలిలో బోరింగు కొట్టిన చెయ్యి ఎంత ఎత్తుకు లేచిందో సరిగ్గా అంతే.

“నేనే చెప్తా మామా. మళ్ళీ మొదట్నుంచి.”

కొనేవాళ్ళలో ఒకాయన, “పాట నిలబడిపాయ, ఏందప్పా ఇది” అన్నాడు. ఒక రైతు అందుకున్నాడు. “చెప్పనీప్పా. ఈ లోపల కాయలేం కుళ్ళిపోవు.”

మొదట్నుంచి మొదలుపెట్టాను. పెళ్ళి దగ్గర ఆగాను, ఆగిన చోట నిలబడ్డాను, మామ కళ్ళలోకే చూశాను. వచ్చింది. పందొమ్మిది తొందరగానే వచ్చింది. పొద్దున మొరాయించింది. పదిన్నర దగ్గర మేక గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే మాట జారి బయటపడింది. ప్రొద్దుటూరు అన్నిటికంటే పెద్దది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎవరో దగ్గారు. మామ పెదాలు ఆ మాట అందివ్వడానికి కదిలి, నా చెయ్యి చూసి మూసుకున్నాయి. వేగంగా మాట్లాడేవాడికి మౌనం ఎంత కష్టమో అప్పుడు ఆయన ముఖంలో చూశాను. వచ్చింది ప్రొద్దుటూరు, మండీ అంతా వినపడేంత గట్టిగా వచ్చింది. ఆ తర్వాత పిల్లాపాపలు వాళ్ళంతట వాళ్ళే నడిచొచ్చారు.

“...ఇంటిల్లిపాదీ రావాలి మామా.”

భరిణె మూత తీశాను. ఆయన వంగి వేలితో కుంకుమ తీసుకుని నుదుట పెట్టుకున్నాడు. నాకు కళ్ళు చెమర్చడం మొదలైంది. ఆయనకు కూడా చెమరుస్తాయని కాసేపు ఎదురుచూశాను.

“పట్టు పంచె, చొక్కా కుట్టిచ్చి పదైదు దినాలాయ,” అన్నాడు మామ. “ఫోన్లో తారీకు సూసినా గదా.”

“మరి రానన్నావంట?”

“ఫొటోకు రానన్నా. నోటితో పిలవమన్నా. నోరుండేవాళ్ళు ఇంట్లో ముగ్గురుండారు గదా, ఒకరన్నా రాలేరా?”

అమ్మ, నాన్న, ఇంకొకరు. ఆ మూడోవాణ్ణి నేనే. నోరున్నవాళ్ళలో ఆయన నన్నూ లెక్కేశాడు. నేను ఆ సంగతి మీద ఏదో గొప్ప మాట అనబోతుండగా మామ, “జరుగబ్బీ, కాయల మీద నిలబడినావు” అన్నాడు. చూసుకుంటే నిజమే, ఎప్పుడో తెలియకుండా రాశిలోకి నడిచేశాను. రెండు కాయలు చితికాయి. పాట అక్కడి నుంచే మళ్ళీ మొదలైంది.

మధ్యాహ్నం ఇంట్లో సంగటి, కోడి పులుసు. రెండో ముద్ద మీద ధైర్యం తెచ్చుకుని అడిగాను. “మామా, చిన్నప్పుడు నాకు బోరింగు అని బిరుదిచ్చావు, గుర్తుందా?”

ఆయన ముద్ద ఆపి నిజాయితీగా ఆలోచించాడు. “బోరింగా? నేనా? నీకా?”

“మనింటి ముందర బోరింగు ఉండ్య గదా,” అంది అత్త. “పీకేసి ఎనిమిదేండ్లాయ. కుళాయి ఏసినారు.”

“ఎనిమిదేంది, ఏడు.”

“ఎనిమిది. అరుగు కట్టిచ్చిన యేడే.”

వాళ్ళిద్దరూ దాని మీద చాలాసేపు వాదించుకున్నారు. నేను పధ్నాలుగేళ్ళు మోసిన శాపం ఆ వాదనలో ఎక్కడో పడిపోయింది. మళ్ళీ ఎవరూ దాన్ని వెతకలేదు. నేనూ వెతకలేదు. ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

పెళ్ళి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గంప లేచింది. మామ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. అక్క ఈసారి నవ్వుతూనే ఏడ్చింది. మండీలో అందరికీ వినపడేలా పిలిచాను కాబట్టి అందర్నీ పిలిచినట్టేనని అక్కడి నుంచి పధ్నాలుగు మంది వచ్చారు. గండికోట ఆమె ఆరుగురని చెప్పి ఏడుగుర్ని తెచ్చింది. నాన్న కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని, “వీళ్ళెవరురా?” అని అడిగారు. “నేను పి... పిలిచినవాళ్ళు,” అన్నాను.

తిరుగు దారి

మళ్ళీ పులివెందులలో ఆ మధ్యాహ్నానికి వస్తే, ఇంకో పని మిగిలింది. జేజి కుంకుమ పెట్టుకోలేదు కదా. మామ ఇచ్చిన చీనీకాయల సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చాను. బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న బస్సు ఒకటి కనిపించింది, కండక్టరు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. బోర్డు చూడలేదు. వేలితో చూపించలేదు. ముద్దనూరు అనలేదు. ఎదురుగా నిలబడి, ఆయన కళ్ళలోకి చూసి, ఏ తొందరా లేకుండా, ఆగిన చోట ఆగుతూ, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పాను.

“ప... ప్ర... ప్రొద్దుటూరు.”

ఆయన చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

“ఇది కదిరి పోతాది,” అన్నాడు.

ప్రొద్దుటూరు బస్సులు అవతలి వరసలో ఆగుతాయి.